రెండు పూటలా కసరత్తు

తండ్రి డ్యూటీకి బయలుదేరి ఎంతోసేపు కాలేదు. స్నానానికి వెళ్లిన ప్రసూన తలుపు తీసి గడపలోనే ఆగిపోయింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ కుళాయి రాలేదు. మే నెలలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అది మామూలే. బకెట్టు అడుగున మిగిలిన కాసిని నీళ్లూ ఆడవాళ్లకి ఉంచుదామనుకున్నాడో ఏమో, తండ్రి గోవిందరావు నీళ్లు పోయకుండానే వెళ్లిపోయాడు. తెల్లటి బేసిన్‌లో ఉన్నది మూత్రంలా లేదు. పాలు కలపని టీ డికాక్షన్‌లా నల్లగా, అంచుల్లో ఎర్రగా ఉంది.

 ఆమె తువ్వాలు భుజాన అలాగే వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నాన్నకి ఏటైంది?"

సౌభాగ్య చారులో పోపు వేస్తోంది. "ఏటైంది?"

"బాత్‌రూమ్‌లో చూసేను. ఆ రంగేటి?"

తల్లి స్టవ్ కట్టేసి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "నిన్నట్నుంచి అలగే వస్తందట. వేడి చేసిందన్నారు. మజ్జిగ కలిపిచ్చేను. నీకు మాత్రం చెప్పొద్దన్నారు."

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"నువ్వు కసరత్తు మాన్పించేస్తావని."

ప్రసూన వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది.

గోవిందరావు గూడ్సు డ్రైవరు. ఇప్పుడు కాగితాల మీద లోకో పైలట్ అంటారు గాని కాలనీలో అందరికీ డ్రైవరుగారే. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేశాడు. ఇంజను దిగి బతకడం అనేది ఆ ఇంట్లో మగవాళ్లెవరూ ఊహించుకోలేదు. కాని డ్రైవర్లకి వయసు పెరిగే కొద్దీ మెడికల్ గట్టిగా ఉంటుంది. కళ్లు, బీపీ, సుగరు అన్నీ చూస్తారు. ఏది తప్పినా బండి మీద నుంచి దించి ఏదో ఒక కుర్చీలో కూర్చోబెడతారు. పక్క వీధి చిన్నారావుని అలాగే దించారు. ఇప్పుడతను ఒక ఆఫీసు వరండాలో ఫైళ్లు అందిస్తున్నాడు. దారిలో ఎదురైతే తల దించుకుని పోతాడు.

కిందటిసారి మెడికల్‌లో డాక్టరు గోవిందరావు పొట్ట మీద వేలితో తట్టి, ఈసారి ఇలాగే వస్తే వదలనని చెప్పి పంపాడు. ఆ 'ఈసారి' వచ్చే నెలలోనే ఉంది.

ప్రసూన గోల్ బజార్ దగ్గర ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెప్తుంది. ఏడాదిగా ఫోన్లో చూసి ఇంట్లోనే కసరత్తు చేస్తోంది. మొదట మొదలుపెట్టింది గెంతుళ్ల ప్రోగ్రాం. ఊపిరి సలపనివ్వకుండా గెంతిస్తారు, గుంజీలు తీయిస్తారు, నేల మీద పడి లేవమంటారు. అది అలవాటయ్యాక డంబెల్స్ ప్రోగ్రాం పట్టుకుంది. దండీలు, బరువులు, తలుపు మీద బిగించిన కడ్డీకి వేలాడి పైకి లాక్కోవడాలు. రెంటిలో దేనికదే చంపేస్తుంది. ఆమె నెలల తరబడి తంటాలు పడి ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కలిపింది. ఒళ్లు తేలికపడింది. మొహంలో కళ వచ్చింది.

అది చూసే గోవిందరావు ఒకనాడు, "ఒలే గుంటా, నాకూ నేర్పుతావేటి?" అని అడిగాడు.

ఆమె ఎంత సంబరపడిందో. చిన్నప్పట్నుంచీ డ్యూటీ, నిద్ర, మళ్లీ డ్యూటీగా తప్ప తండ్రిని ఎరగదు. ఇప్పుడు ముందుగదిలో బల్ల పక్కకి జరిపి, ఫోను గోడకి ఆనించి, ఇద్దరూ పక్కపక్కన గెంతేవారు. ఒక రోజు గెంతుళ్లు, ఒక రోజు బరువులు, మధ్యలో ఒక రోజు ఏమీ లేకుండా ఆమే ఆయనకి వరస కట్టి ఇచ్చింది. మొన్న ఆయన తల దువ్వుకోవడానికి చెయ్యెత్తలేక, దువ్వెన దగ్గరికి తలే వంచి దువ్వుకుంటుంటే ఫక్కున నవ్వింది కూడా.

"నొప్పి వస్తందంటే పని చేస్తందన్నమాట నాన్నా. మంచిదే," అంది.

ఆ మాట ఇప్పుడు చెవిలో మోగింది.

ఫోను తీసి వెతికింది. మొదటి పేజీలోనే కనిపించింది. కసరత్తు హద్దు మీరితే కండలు విరిగి రక్తంలో కలుస్తాయి. మూత్రం టీ రంగుకి తిరుగుతుంది. కిడ్నీలు ఆగిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ 'వెంటనే' అనే మాట కింద ఎవరో గీత కూడా గీశారు. గెంతుళ్ల ప్రోగ్రాం మొదట్లో ట్రైనరు ఇలాంటిదే ఏదో చెప్పబోతుంటే తను వేలితో ముందుకి జరిపేయడం గుర్తొచ్చింది. ఒకసారి కాదు, చేసిన ప్రతిసారీ జరిపేసింది.

తండ్రికి ఫోన్ చేసింది. స్విచాఫ్. ఇంజనెక్కితే ఫోను కట్టేయాలని రూలు. ఆ సంగతి తెలిసీ మళ్లీ చేసింది. తెలిసీ మళ్లీ.

కట్నీ వైపు ఖాళీ బండి పట్టుకెళ్తున్నానని అన్నం తింటూ చెప్పాడు. ఈ ఎండలో ఇంజను క్యాబ్ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇంకొకటీ తెలుసు. గూడ్సు ఇంజన్లో పాయఖానా ఉండదు. అందుకే డ్రైవర్లు డ్యూటీకి ముందు నీళ్లు తాగరు, డ్యూటీలోనూ గొంతు తడుపుకోవడమే. అలా ఎండిపోయిన ఒంట్లో ఆ నల్లటిది తిరుగుతోంది. బండి వేగం మీదుండగా ఆయన గుండె లయ తప్పితే? ఆ తరవాత ఏమవుతుందో మనసు చూపించబోతే ఆమె కళ్లు మూసుకుంది.

"నేను లాబీకి ఎళ్తన్నానమ్మా," అంది.

లాబీ అంటే డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టే ఆఫీసు. సౌభాగ్య మొహం మాడిపోయింది.

"ఏటి చెప్తావు అక్కడ? సొంత కూతురే వొచ్చి మా నాన్నకి బాలేదంటే ఇంకేటుంది, సిక్ లిస్టులో పెట్టీసి మెడికల్‌కి తోసేస్తారు. చిన్నారావుని దించినట్టే దించేస్తారు. సాయంత్రానికి కట్నీలో దిగుతారు కదా, అప్పుడు ఫోన్ చేసి చెప్పుదాం."

"సాయంత్రం దాకా ఉండకపోతే?"

 ప్రసూన చెప్పులేసుకుని స్కూటీ బయటికి తీసింది. తొందరలో తాళం చెవి ఒకసారి కింద పడింది. గేటు దాటుతుంటే వెనక నుంచి తల్లి పరిగెత్తుకొచ్చింది. కాళ్లకి చెప్పులు లేవు.

"ఎల్లు. అడిగితే నేనే పంపించేనని చెప్పు. ఆయన కోపం నా మీద పడనీ."

లాబీలో రమణబాబు డ్యూటీలో ఉన్నాడు. ఎవరు ఏ బండి మీద వెళ్లాలో చూసే మనిషి. వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గోవిందరావుని అన్నయ్యా అంటాడు. ప్రసూనని చూసి నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

"ఏటమ్మా, ఇలగొచ్చేవ్?"

"మా నాన్న బండి ఎక్కడుంది బాబాయ్?"

"ఉస్లాపూర్లో పక్కన లూప్ లైన్లో పెట్టేరు. ఎక్స్‌ప్రెస్సులు రెండు ముందెళ్లాలి. ఏం?"

ఉస్లాపూర్ ఊరి పక్కనే. బండి ఇంకా ఊరు దాటలేదని తెలియగానే ఆమెకి ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనైంది. చెప్పబోతూ ఆమె గదంతా చూసింది. చుట్టూ నలుగురైదుగురు డ్రైవర్లున్నారు. ఒకతను మందు తాగలేదని చూపడానికి గొట్టంలోకి ఊదుతున్నాడు, ఇంకొకతను సంతకం పెడుతూ తలెత్తి చూశాడు.

రమణబాబుకి అర్థమైనట్టుంది. లేచి ఆమెని పక్కగదిలోకి తీసుకెళ్లి తలుపు జారవేశాడు.

"చూడమ్మా. నువ్వు చెప్పడానికొచ్చింది అన్నయ్య ఒంటి గురించైతే ఒక మాట. నాతో చెప్పేక నేను వినలేదనడానికి లేదు. ఈ కుర్చీలో ఉండి ఊరుకోలేను. బండి ఆపాలి, ఆయన్ని దించాలి, తరవాత డాక్టర్లు చూస్తారు. అక్కణ్నుంచి నా చేతిలో ఉండదు. ఆలోచించుకుని చెప్పు."

గోడ మీద ఫ్యాను గరగరా తిరుగుతోంది. ఆమెకి చిన్నారావు గుర్తొచ్చాడు. దారి పక్కన తల దించుకుని పోయే ఆ మనిషి మొహం తీసేసి తండ్రి మొహం పెట్టి చూసుకుంది. రేపట్నుంచి నాన్న తనతో మాట్లాడడు. ఒకవేళ ఇదేమీ కాదని, మామూలు వేడేనని తేలితే అసలే మాట్లాడడు. ఫోన్లో చదివిందంతా నిజమేనా? తను డాక్టరా?

"మూత్రం నల్లగా వస్తంది బాబాయ్," అంది. "నిన్నట్నుంచి. నేనే ఆయనచేత కసరత్తు చేయిస్తన్నాను. అందుకే వొచ్చింది. ఆయన బండి నడపకూడదు."

మాటలు బయటికొచ్చాక వాటిని వెనక్కి తీసుకోవడానికి లేదు. రమణబాబు వెళ్లి ఫోను ఎత్తాడు.

ఉస్లాపూర్ వెళ్లే దారిలో ఆమెకి ఏ మలుపు ఎలా తిరిగిందో తెలియదు. ఎండకి తారు మెత్తబడి చక్రాలకి అంటుకుంటోంది. స్టేషను చేరేసరికి ఎక్స్‌ప్రెస్ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అది పోయాక అవతల లూప్ లైన్లో ఖాళీ బొగ్గు వ్యాగన్లు కంటికి ఆనినంత మేరా కనిపించాయి. ముందు రెండు ఇంజన్లు. స్టేషన్ మాస్టరు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ అప్పటికే కంకర మీద నడిచి ఇంజను దగ్గరికి చేరుకున్నారు. పైన క్యాబ్ తలుపులో అసిస్టెంట్ సాహు వంగి లోపలికి ఏదో చెప్తున్నాడు.

గోవిందరావు తలుపు దగ్గరికి వచ్చాడు. కిందున్న వాళ్లని చూశాడు. వాళ్ల వెనక కూతుర్ని చూశాడు.

"నువ్వెందుకొచ్చేవ్?"

ఆమె కంకర మీద ఇంకో నాలుగడుగులు ముందుకి వేసింది.

"నాకేటీ కాలేదు. ఎవరు చెప్పేరు వీళ్లకి?"

"దిగు నాన్నా. ప్లీజ్. ఉతర్ జావో," అంది. భయంలో ఏ భాష నోటికొస్తే అది వచ్చింది.

ఆయన ఒకసారి క్యాబ్ లోపలికి తిరిగి చూశాడు. తరవాత జీవితమంతా దిగినట్టే వెనక్కి తిరిగి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, ఒక కాలు కింది మెట్టు మీదికి దించాడు. మోకాలు వంగలేదు. కడ్డీ మీద పట్టు జారింది. చేతులు బరువు మొయ్యలేక వేళ్లు వాటంతటవే విడిపోయాయి. పైనుంచి సాహు చొక్కా కాలరు పట్టుకోకపోతే, కింద పాయింట్స్‌మన్ రెండు చేతులూ చాచకపోతే, ఆ కంకర మీద వెల్లకిలా పడేవాడు.

నేల మీద కూర్చోబెట్టాక చూస్తే ఆయన భుజాలు చొక్కాలో బిర్రుగా ఉబ్బి ఉన్నాయి. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. ప్రసూన సీసా అందిస్తే చేత్తో పట్టుకోలేకపోయాడు. ఆమే నోటికి ఆనించింది.

"సరే," అన్నాడు నీళ్లు మింగి. ఎవరితో అన్నాడో, దేనికన్నాడో తెలియలేదు.

ఆసుపత్రిలో రక్తం తీసుకెళ్లిన నర్సు తిరిగొచ్చేటప్పుడు డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. డాక్టరు నడివయసు ఆడమనిషి, గట్టిగా మాట్లాడదు. కండ విరిగితే రక్తంలోకి వచ్చే పదార్థం ఒకటుందని, మామూలుగా వందల్లో ఉండేది ఈయనకి వేలు దాటిపోయిందని హిందీలో చెప్పింది. కిడ్నీలు దాన్ని వడకట్టలేక మొరాయిస్తున్నాయి. సెలైను ఆపకుండా ఎక్కిస్తాం, కడిగేయడమే మందు. రేపటికి కిడ్నీ దారిలో పడకపోతే డయాలసిస్ మీద పెట్టాలి.

"ఈయనకి ఈ కసరత్తు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"నేను," అంది ప్రసూన.

డాక్టరు ఆమె వైపు చూసి తలాడించి, కాగితం మీద రాసుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది.

డయాలసిస్ అనే మాట విని సౌభాగ్య వరండాలో గోడకి చేరగిలబడిపోయింది. ప్రసూన తండ్రి మంచం పక్కనే స్టూలు మీద కూర్చుంది. మంచం కడ్డీకి వేలాడే సంచిలోకి గొట్టం గుండా మూత్రం చుక్కచుక్కగా దిగుతోంది. నల్లగానే ఉంది. గదిలో ఇంకేదీ చూడకుండా దాన్నే చూసింది. సంచిలో మట్టం పెరగకపోతే ఒక భయం, పెరిగినది నల్లగా ఉంటే ఇంకో భయం. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుదామంటే ఏం మొక్కాలో తోచలేదు.

గోవిందరావు కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది.

"నువ్వు కాదే చేసింది," అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె తలెత్తింది.

"నువ్వు ఒక రోజు అదీ, ఒక రోజు ఇదీ అన్నావు. మధ్యలో ఊరుకోమన్నావు. నేను ఊరుకోలేదు. నువ్వు ట్యూషన్‌కి ఎల్లేక రెండోది కూడా చేసీసేవాణ్ని. పొద్దున్న గెంతుళ్లు, సాయంత్రం బరువులు. డ్యూటీ మీద కట్నీ ఎళ్తే అక్కడ మేం పడుకునే రన్నింగ్ రూమ్‌లో తలుపేసుకుని గుంజీలు. కాళ్లు సచ్చిపోయినా తీసేను."

"ఎందుకు నాన్నా?"

"భయమేసింది."

ఆమె ఎన్నడూ ఆ మాట ఆయన నోట వినలేదు. వర్షంలో సిగ్నల్ కనబడని ఘాట్ల మీద, ఏనుగులు పట్టాలు దాటే అడవుల్లో బండి నడిపిన మనిషి.

"నెల్రోజులే ఉంది కదా. నువ్వు చెప్పినట్టు చేస్తే అవదేమో అనిపించింది. ఒక్క రోజు ఊరుకుంటే చాలు, పొట్ట మళ్లీ వొచ్చేసినట్టు, ఆ డాక్టరు వేలెట్టి తట్టినట్టు ఉండేది. చేస్తన్నంతసేపే ధైర్యం. నొప్పెట్టినా మంచిదే అనుకున్నాను."

"నేనే అన్నాను ఆ మాట."

"నువ్వు అన్నావు. నేను నాకు కావలసినట్టు విన్నాను." కొంచెంసేపు ఆగాడు. "రంగు మారేక తెలిసిందే, ఇదేదో బాలేదని. అయినా ఇంజనెక్కీసేను. అది తప్పు. నాతో సాహు ఉన్నాడు. వాడికి పెళ్లై ఏడాదైనా అవలేదు."

 లాబీలో చెప్పినందుకు ఆయన ఏమీ అనలేదు. కోపం లేదని ఆమెకి అనిపించలేదు. ఉంది, కాని దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదంతే.

మర్నాడు పొద్దున్న రక్తంలో లెక్క ఇంకాస్త పెరిగింది. డాక్టరు సాయంత్రం దాకా చూద్దామంది. ఆ పగలంతా ఎలా గడిచిందో ప్రసూన తరవాత ఎవరికీ చెప్పలేకపోయింది. సౌభాగ్య తెచ్చిన అన్నం కలిపింది గాని ముద్ద నోటిదాకా పోలేదు. రమణబాబు వచ్చి తలుపు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం దాటాక నర్సు సంచి మార్చడానికి వంగి, వెలుతురుకి ఎత్తి చూసి, "రంగ్ సాఫ్ హో రహా హై," అంది మామూలుగా, రంగు తేటపడుతోందని.

ప్రసూన లేచి చూసింది. నలుపు విరిగి చెరుకు పాకం రంగులోకి వచ్చింది. సాయంత్రానికి ఇంకాస్త పలచబడింది. రక్తంలో లెక్క పెరగడం ఆగింది. ఆ మర్నాడు దిగడం మొదలైంది. డయాలసిస్ అవసరం లేదని డాక్టరు చెప్పినప్పుడు సౌభాగ్య అక్కడే నేల మీద కూర్చుని, రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఏడ్చేసింది.

ఇంటికొచ్చాక కూడా భయం వెంటనే పోలేదు. బాత్‌రూమ్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ప్రసూన చేతిలో పని ఆగిపోయేది. గోవిందరావు అది గమనించి, బయటికి వస్తూ, "బాగానే ఉందే," అని తనే చెప్పి వెళ్లేవాడు.

రైల్వే డాక్టర్లు ఆయన్ని బండెక్కనివ్వలేదు. వర్షాకాలమంతా లాబీలో కుర్చీ వేశారు. ఎదురుగా వచ్చే డ్రైవర్లు పలకరిస్తే మొదట్లో తల దించుకునేవాడు. తరవాత్తరవాత తనే పిలిచి, నీళ్లు తాగేవా అని అడగడం మొదలుపెట్టాడు. డంబెల్స్‌ని సౌభాగ్య మంచం కిందికి తోసేసింది. తలుపు మీది కడ్డీని ప్రసూనే ఊడదీసింది. తను కూడా చెయ్యడం మానేసింది. ఫోన్లో ఆ ప్రోగ్రాం పాట మొదలయితే చాలు, వెంటనే కట్టేసేది.

దసరా వెళ్లాక డాక్టరు ఆయన్ని నడవమంది, మెల్లగా కసరత్తు కూడా చెయ్యొచ్చంది. ఎలా చెయ్యాలో ఆ డాక్టర్నే అడిగి, ప్రసూన ఈసారి రెండు ప్రోగ్రాంలనీ మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాటా జరపకుండా చూసింది. రెంటినీ కలపడమంటే రెండూ చెయ్యడం కాదని తెలిసింది. దీన్లోంచి కొంచెం, దాన్లోంచి కొంచెం తీసుకుని మిగతాది వదిలెయ్యాలి. గెంతుళ్లున్న చోట గెంతకుండా అడుగులే వేయించింది. కాళ్లకి పని పడ్డ మర్నాడు కాళ్ల జోలికి పోనివ్వలేదు. ఊరుకోవలసిన రోజుల్లో తండ్రితో కూర్చుని టీవీ చూసింది. ఆయనకి అదే అన్నిటికన్నా కష్టమైంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సోఫా చేతులు నిమురుతూ కూర్చునేవాడు.

వాయిదా పడ్డ మెడికల్ కొత్త ఏడాదిలో జరిగింది. పొట్ట పెద్దగా తగ్గలేదు. సుగరు తగ్గింది, బీపీ దారిలో ఉంది, కిడ్నీలు బాగున్నాయి. ఈసారి డాక్టరు వేరే ఆయన, పొట్ట మీద తట్టనే లేదు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలనే షరతు మీద బండి తిరిగి ఇచ్చారు.

డ్యూటీకెళ్లే ముందురోజు సాయంత్రం ముందుగదిలో ఇద్దరూ గుంజీలు తీస్తున్నారు. ఇంకా కొన్ని మిగిలుండగానే గోవిందరావు నిటారుగా నిలబడి, మోకాలు మీద చెయ్యేసి రుద్దుకున్నాడు.

ప్రసూన కూడా ఆగింది. "ఏటైంది నాన్నా? నొప్పా?"

"నొప్పి కాదే," అన్నాడు. "చాలు, అంతే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నిజమే చెప్తున్నాడో లేదో ఎంత చూసినా పూర్తిగా తెలియలేదు. ఫోను ఆపేసింది. ఆయన వెళ్లి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె కూడా పక్కనే గట్టు మీద కూర్చుంది.